ప్రకటనలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: అంకె చెప్పనిది

పోయిన పాఠంలో ఉత్త పొగడ్తకూ, పరీక్షించి తేల్చగలిగే మాటకూ ఉన్న తేడా చూశాం. "అన్నింటికన్నా మేటి", "మనసు దోచే మెరుపు" లాంటివి పొగడ్తలు. అవి నిజమో కాదో తేల్చడం కుదరదు కాబట్టి చట్టం మామూలుగా వాటి జోలికి పోదు. మాట ఎంత కచ్చితంగా ఉంటే కంపెనీ అంతగా ఇరుక్కుంటుంది. కార్బాలిక్ స్మోక్ బాల్ కేసు గుర్తుందిగా? తమ మందు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామనీ, అందుకు బ్యాంకులో 1000 పౌండ్లు వేశామనీ ప్రకటించిన కంపెనీ, తీరా ఒకావిడ వచ్చి డబ్బడిగితే అది ఊరికే అన్న మాటేనని వాదించింది. 1892లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఆ వాదనను కొట్టేసింది. బ్యాంకులో డబ్బు వేశామని చెప్పాక, ఊరికే అన్నామంటే ఎలా చెల్లుతుంది?

ఈ పాఠం అంకెల గురించి. అంకె చూడగానే ఎవరో కొలిచి చెప్పారన్న నమ్మకం కలుగుతుంది. చాలాసార్లు నిజంగానే కొలిచి ఉంటారు. చిక్కంతా ఏం కొలిచారు, మనకు ఏం కొలిచినట్టు అనిపించింది అన్న దగ్గరే ఉంది. అంకె నిజమే అయినా, దాన్ని చూసి మనకు కలిగిన అభిప్రాయం తప్పు కావచ్చు.

ఒక ఉదాహరణ నిదానంగా చూద్దాం. అమెరికాలో కెల్లాగ్స్ కంపెనీ ఫ్రాస్టెడ్ మినీ-వీట్స్ అనే అల్పాహారం గురించి, అది తిన్న పిల్లల ఏకాగ్రత దాదాపు 20 శాతం పెరిగిందని క్లినికల్ స్టడీలో తేలిందంటూ ప్రకటనలు ఇచ్చింది. ఇది చదివిన తల్లికి ఏమనిపిస్తుంది? మా పిల్లాడికి ఇప్పుడు పెడుతున్నది మానేసి ఇది పెడితే, వాడి ఏకాగ్రత 20 శాతం పెరుగుతుందని. ఇప్పుడు ఆ స్టడీలోకి వెళ్దాం. పోల్చింది వేరే అల్పాహారం తిన్న పిల్లలతో కాదు, పొద్దున అసలేమీ తినని పిల్లలతో. అంటే కడుపు నిండిన పిల్లాడికీ ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లాడికీ ఉన్న తేడాను ఈ డబ్బా గొప్పతనంగా చూపించారు. పోనీ ఆ మేరకైనా అందరిలోనూ పెరిగిందా అంటే, అదీ లేదు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్య తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క ప్రకారం, తిన్న పిల్లల్లో సుమారు సగం మందిలోనే ఎంతో కొంత మెరుగుదల కనిపించింది. 20 శాతం, అంతకు మించి మెరుగుపడింది తొమ్మిది మందిలో ఒకరే. 2009లో కంపెనీ కమిషన్‌తో రాజీకి వచ్చింది.

ఈ ఒక్క కేసులోనే మనకు కావలసిన ప్రశ్నలు దొరుకుతాయి. దేనితో పోల్చారు? ఎంతమందిలో అలా జరిగింది? ఎవరి మీద, ఏ పరిస్థితుల్లో చూశారు? అంకె ఎక్కడ కనిపించినా ముందు వీటికి జవాబు వెతకండి. జవాబు లేకపోతే ఆ అంకెను కొట్టేసి, మిగిలిన వాక్యాన్ని మళ్లీ చదవండి. చాలా ప్రకటనల్లో ఏమీ మిగలదు.

సర్వేల విషయంలో ఇంకో ప్రశ్న కలుపుకోవాలి: అసలు వాళ్లను ఏమని అడిగారు? 80 శాతానికి పైగా డెంటిస్టులు కోల్గేట్‌నే సిఫారసు చేస్తారని బ్రిటన్‌లో ఒక ప్రకటన వచ్చింది. పదిమందిలో ఎనిమిది మంది మిగతా పేస్టులన్నీ వదిలేసి దీన్నే ఎంచుకున్నారనుకుంటాం కదా. నిజానికి ఆ సర్వేలో డెంటిస్టులు ఒకటికి మించి బ్రాండ్ల పేర్లు చెప్పొచ్చు. పోటీ బ్రాండు ఒకదాన్ని కూడా దాదాపు అంతమందే సిఫారసు చేశారు. ఆ ప్రకటన జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ 2007లో తేల్చింది. అంకె తప్పు కాదు. ఆ పక్కన చెప్పాల్సిన మాట చెప్పలేదు, అంతే.

"వరకు" అన్న మాట చూడటానికి చిన్నదే, కంపెనీకి మాత్రం పెద్ద రక్షణ. "47 శాతం వరకు ఆదా" అంటే సున్నా నుంచి 47 దాకా ఏదైనా కావచ్చు. కంపెనీ అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ చదివేవాళ్లు ఈ మాటను పట్టించుకుంటారా? ఇంటిని వెచ్చగా, చల్లగా ఉంచే ఖర్చు ఆదా చేస్తాయని చెప్పే కిటికీల ప్రకటనల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేయించిన అధ్యయనం 2012లో వచ్చింది. "47 శాతం" అన్న ప్రకటన చూసినవాళ్లకూ, "47 శాతం వరకు" అన్నది చూసినవాళ్లకూ అర్థమైనదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. "99.9 శాతం క్రిములు నాశనం" కూడా ఈ కోవలోదే. ఏ క్రిములు, ల్యాబ్‌లోనా చేతుల మీదా, ఎంతసేపు ఉంచితే అన్నవి కలిపి చదివితే గానీ దానికి అర్థం రాదు.

మరి పట్టుబడితే ఏమవుతుంది? నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. శిక్ష వచ్చేలోపు అమ్మకాలు జరిగిపోతాయి. లిస్టరిన్ అనే నోరు పుక్కిలించే మందు జలుబును, గొంతు నొప్పిని తగ్గిస్తుందని కంపెనీ 1921 నుంచి చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట మానుకోమని, ఇది జలుబును ఆపదని ప్రకటనల్లో తానే చెప్పాలని కమిషన్ ఆదేశించింది 1975లో. అంటే తాతలు నమ్మిన మాటను మనవళ్లు కూడా నమ్మాక. "మా పాత ప్రకటనలకు భిన్నంగా" అంటూ ఆ దిద్దుబాటు మొదలవ్వాలని కూడా కమిషన్ చెప్పింది గానీ, 1977లో అప్పీలు కోర్టు ఆ ముక్క తీసేయించింది. ఇక రాజీ కుదిరిన కేసుల్లో కంపెనీ తప్పు ఒప్పుకోవాల్సిన అవసరమే ఉండదు. "ఇకపై అలా అనం" అని సంతకం పెడితే చాలు. మినీ-వీట్స్ విషయంలో రాజీ కుదిరిన ఏడాదే, అదే కంపెనీ రైస్ క్రిస్పీస్ అనే తన మరో అల్పాహారం డబ్బాల మీద పిల్లల రోగనిరోధక శక్తికి తోడ్పడుతుందని రాసింది. 2010లో కమిషన్ మళ్లీ కలగజేసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అభ్యాసం. ఇది నేను అల్లిన ప్రకటన: "నాలుగు వారాల్లో 93 శాతం మంది మహిళలు తమ చర్మం మృదువుగా మారిందన్నారు." కింద సన్నటి అక్షరాల్లో: "30 మంది అభిప్రాయాల ఆధారంగా." 30 మందిలో 93 శాతం అంటే 28 మంది. "28 మంది అన్నారు" అని రాస్తే ఎవరూ ఆగి చూడరు, అందుకే శాతంలో చెప్పారు. పైగా "మారింది" అనలేదు, "మారిందన్నారు" అన్నారు. కొలిచింది చర్మాన్ని కాదు, వాళ్ల అభిప్రాయాన్ని. దేనితో పోల్చారో లేదు. ఏ మామూలు క్రీమ్ రాసుకున్నా నాలుగు వారాల్లో వాళ్లు ఇదే మాట అనేవారేమో. క్రీమ్ వాళ్లకు ఉచితంగా ఇచ్చారా అన్నదీ తెలియదు.

రెండోది మీకే వదిలేస్తున్నా: "కొత్త మోడల్: 50 శాతం ఎక్కువ బ్యాటరీ, రోజంతా ధీమా." ఇందులో పొగడ్త ఎక్కడుంది, తేల్చగలిగే మాట ఎక్కడుంది, రెండోదాంట్లో చెప్పకుండా వదిలేసినవి ఏమిటి? కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ జవాబుతోనే మొదలుపెట్టి, చుక్క గుర్తులూ కింద ఉండే సన్నటి అక్షరాల సంగతీ చూద్దాం.