కోర్టు వేసిన మనోవర్తి ఇవ్వడం లేదా? బకాయి వసూలు చేసుకోవడం ఎలా?

నెలకు 8,000 రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. భర్త రెండు నెలలు కట్టి మానేశాడు. ఇలాంటప్పుడు చాలామంది పెద్దమనుషుల చుట్టూ తిరుగుతుంటారు. తిరగండి, తప్పులేదు. కాకపోతే చట్టంలో గడువు వాళ్ల కోసం ఆగదు.

1. ముందు ఉత్తర్వు నకలు తీసుకోండి. అది ఉచితంగానే ఇవ్వాలి. పాత ఉత్తర్వుల్లో సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 అని ఉంటుంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 వచ్చింది.

2. ఏ నెలకు ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఇంకా ఎంత ఉంది అని ఒక కాగితం మీద రాయండి. బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. చేతికిచ్చిన డబ్బు కూడా దాచకుండా రాయండి. లెక్కలో ఒక్క తేడా దొరికితే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

3. అసలు సంగతి ఇది: బకాయి పడిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. 14 నెలలు ఊరుకుని వేస్తే, బకాయిలో మొదటి రెండు నెలల 16,000కు వారెంట్ (బాకీ వసూలు చేయమని కోర్టు ఇచ్చే ఆదేశం) రాదు. ఆ డబ్బు మీద హక్కు పోదు కానీ, సివిల్ దారిలో వెళ్లాలి. అది మరీ నెమ్మది.

4. ఆయన ఊరు మారితే, ఇప్పుడు ఉంటున్న చోటి మేజిస్ట్రేటు దగ్గర కూడా ఆ ఉత్తర్వు అమలు చేయించుకోవచ్చు. గుంటూరు ఉత్తర్వు హైదరాబాద్‌లోనూ పనిచేస్తుంది.

5. ఉద్యోగమైతే ఆఫీసు అడ్రసు, పొలమైతే సర్వే నంబరు పిటిషన్‌లో రాయండి. కేసులో ఆయన దాఖలు చేసిన ఆస్తుల అఫిడవిట్ ఉంటే ఈ వివరాలు అందులోనే దొరుకుతాయి. సివిల్ డిక్రీలాగా (సివిల్ కోర్టు తీర్పులాగా) కూడా వసూలు చేయించవచ్చని 2020లో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తి డిక్రీలో జీతంలో మూడో వంతుకే రక్షణ. మిగతాది జప్తు చేయవచ్చు.

6. వారెంట్ అమలయ్యాక కూడా బాకీ మిగిలితే, చెల్లించని ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేయవచ్చు. "జైలుకెళ్లొచ్చాను, లెక్క సరిపోయింది" అంటే కుదరదు. బాకీ అలాగే ఉంటుంది.

లాయరు ఫీజు టెన్షన్ ఉంటే ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ న్యాయ సహాయం ఉచితం.

పై కోర్టులో కేసు వేశానని ఆయన అంటే, స్టే కాపీ చూపించమనండి. స్టే లేకపోతే వసూలు ఆగదు.