డ్రైవింగ్ టెస్ట్ స్లాట్ దగ్గరపడిందా? ముందు ఇవి చూసుకోండి

ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తేదీ. ఆరు నెలలే చెల్లుతుంది, అది తీసుకున్న 30 రోజులు దాటాకే టెస్టుకు వెళ్లనిస్తారు, చివరి వారానికి స్లాట్ పెట్టుకుని అందులో ఫెయిలయ్యారంటే మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.

బండి కాగితాలు. టెస్టుకు బండి మీరే తెచ్చుకోవాలి కదా, ఇన్సూరెన్సో పొల్యూషనో అయిపోయి ఉంటే అక్కడే ఆగిపోతారు.

ఎనిమిది ఆకారపు ట్రాక్ మీద కాలు కింద పెట్టకండి. పక్కింటి ఖాళీ స్థలంలో రెండు రోజులు తిప్పితే చాలు, స్పీడు తగ్గేకొద్దీ బండి ఒరుగుతుంది మరి.

గుర్తులు: ఎర్ర అంచు గుండ్రంవి ఎక్కువగా నిషేధాలు, త్రికోణంవి హెచ్చరికలు. తలకిందుల త్రికోణం మాత్రం వేరు, దారి ఇమ్మని.

ఎల్ బోర్డు ముందూ వెనకా.

హెల్మెట్ స్ట్రాప్ పెట్టుకోండి, టెన్షన్‌లో మర్చిపోయేది అదే.