మాన్సన్ నుంచి కటాడిన్: మధ్యలో వదిలేసిన అపలాచియన్ ట్రయల్‌ను ఒంటరిగా ముగించడం

అమెరికాలో జార్జియాలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రాలు దాటి మేన్‌లోని కటాడిన్ కొండ మీద ముగిసే అపలాచియన్ ట్రయల్ అనే ఈ నడకదారి దాదాపు 2,200 మైళ్లు. సెలవు అయిపోయో, మోకాలు మొరాయించో మేన్ రాష్ట్రంలోని మాన్సన్‌లో ఆపేసినవాళ్లకు మిగిలేది 115 మైళ్లు. అందులో వంద మైళ్లు ఊరూ దుకాణమూ లేని అడవి, చివరి 15 కటాడిన్ ఉన్న బ్యాక్స్‌టర్ స్టేట్ పార్క్‌వి. తిరిగొచ్చేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, పాత డైరీ చూసి ప్లాన్ వేసుకోవడం. అప్పట్లో రోజుకు 16 మైళ్లు నడిచిన కాళ్లు ఇప్పుడు లేవు. ఇంటి దగ్గర నాలుగు నెలలు పరుగెత్తితే ఊపిరి తిరిగొస్తుంది గానీ మోకాళ్లూ మడమ నరాలూ అంత తొందరగా రావు. బరువు మోస్తూ మెట్లు దిగడమే వాటికి అసలైన సాధన.

ముందు ఎక్కడ ఆపారో తేల్చుకోండి. పాత ఫోన్ ఫొటోల్లో చివరిదాని లొకేషన్ చూస్తే చాలు. పక్కదారిలో బయటికి వచ్చి ఉంటే, ఆ దారి అసలు ట్రయల్‌లో, అంటే తెల్ల గుర్తుల దారిలో కలిసే చోటికే వెళ్లి మొదలుపెట్టండి. అర మైలు వదిలేశామన్న బాధ తర్వాత పీడిస్తుంది. ముక్కలుముక్కలుగా, ఏ వరసలో నడిచినా, ఎన్నేళ్లు పట్టినా మొత్తం ట్రయల్ నడిచినట్టు గుర్తింపు దక్కుతుంది. అది మీ మాట మీద నమ్మకంతో ఇచ్చేదే. మాన్సన్ కంటే ముందొచ్చే క్యారటంక్ ఊరికి చేరకముందే ఆపినవాళ్లకు కెన్నెబెక్ నది అడ్డొస్తుంది. దాన్ని నడిచి దాటొద్దు. పైన డ్యామ్ నీళ్లు వదిలితే మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. సీజన్‌లో హైకర్లను ఉచితంగా పడవలో దాటిస్తారు, వేళలు ముందే చూసుకోండి.

ఆగస్టు చివర మొదలుపెట్టి సెప్టెంబర్ రెండో వారానికి ముగిస్తే దోమలు తగ్గి ఉంటాయి, మంచు ఇంకా రాదు. అక్టోబర్ మధ్య దాకా లాగొద్దు. వాతావరణం చెడితే కటాడిన్ దారి ఏ రోజైనా మూసేస్తారు.

పదకొండు రాత్రుల లెక్క వేసుకోండి. మొదటి రోజు విల్సన్ వ్యాలీ షెల్టర్ (రాత్రి తలదాచుకునే పాక), పది మైళ్లు. తర్వాత క్లౌడ్ పాండ్ తొమ్మిది, చెయిర్‌బ్యాక్ గ్యాప్ ఏడు. ఏడంటే తక్కువనుకోకండి, బ్యారెన్-చెయిర్‌బ్యాక్ వరస మొత్తం ఎక్కుడూ దిగుడే, రాళ్లూ వేర్లూ. నాలుగో రోజు కార్ల్ న్యూహాల్, అయిదో రోజు వైట్‌క్యాప్ కొండ దాటి లోగన్ బ్రూక్. అక్కణ్ణుంచి చెరువుల పక్కన చదును దారి కాబట్టి రోజుకు పది, పన్నెండు నడవొచ్చు.

తిండి రోజుకు 800 గ్రాములు వేసుకున్నా దాదాపు తొమ్మిది కిలోలు. అంత మోస్తే చెయిర్‌బ్యాక్‌లోనే మోకాళ్లు పోతాయి. మాన్సన్‌లోని, కటాడిన్ దగ్గరి ఊరు మిల్లినాకెట్‌లోని హాస్టళ్లు డబ్బు తీసుకుని సగం దారిలో అడవి రోడ్డు దగ్గర తిండి బకెట్ పెట్టిస్తాయి. సగం అలా పంపండి. మన తిండిలో ఇక్కడ నెగ్గేది దొడ్డు అటుకులే. 100 గ్రాముల అటుకుల మీద 200 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టి, రెండు చెంచాల కందిపొడి, చెంచా నూనె కలిపితే రాత్రి భోజనం అయిపోయినట్టే. గ్యాస్ కూడా మిగులుతుంది. నెయ్యి చలికి గడ్డకట్టి సీసాలోంచి రాదు, నూనే నయం. గ్యాస్ డబ్బాను విమానంలో రానివ్వరు, 230 గ్రాములది మేన్‌లో దిగాకే కొనండి.

వాడి పక్కన పెట్టిన నీళ్ల ఫిల్టర్ మీద అనుమానం ఉండాలి. దాని లోపలి సన్నటి గొట్టాల్లో తడి మిగిలి ఒక్కసారి గడ్డకట్టినా అవి చిట్లుతాయి. నీళ్లు మాత్రం మామూలుగానే వస్తాయి కాబట్టి బయటికి ఏమీ తెలియదు. చలికాలమంతా గ్యారేజీలో పడి ఉంటే పారేసి కొత్తది కొనండి. ట్రయల్ మీద చల్లటి రాత్రుల్లో సంచిలో కట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

వాగులు దాటేటప్పుడు బూట్లు విప్పొద్దు. బ్యాగు నడుము బెల్టు విప్పేసి, ప్రవాహానికి ఎదురుగా తిరిగి, రెండు నడక కర్రలూ ఆనించి ఒక్కో అడుగే పక్కకు వేయండి. వాన పడి నీళ్లు తొడల పైకి వస్తే ఆగిపోండి, మామూలుగా ఒక రోజులో తగ్గుతాయి. ఆ ఒక్క రోజు తిండి అదనంగా ఉండాల్సింది ఇందుకే.

ఒంటరివాళ్లు దారి తప్పేది కొండల మీదే కాదు, మూత్రానికి దారి దిగినప్పుడు కూడా. 2013లో మేన్‌లో ఒక హైకర్ అలా దిగి తిరిగి రాలేదు. దారి అంచున ఒక కర్ర గుచ్చి, అది కనిపించేంత దూరమే వెళ్లండి. విజిల్, శాటిలైట్ మెసెంజర్ ఒంటి మీదే ఉండాలి, బ్యాగులో కాదు. ఇంట్లోవాళ్లకు రాసిచ్చేది ఇంతే: రాత్రి ఏ షెల్టర్, మెసేజ్ రాకపోతే 24 గంటలు ఆగాలి, ఆ తర్వాత మేన్ వార్డెన్ సర్వీస్‌కు ఫోన్ చేయాలి. ఈ 24 గంటల మాట ముందే అనుకోకపోతే బ్యాటరీ అయిపోయినా అమ్మ వెతుకులాట మొదలుపెట్టిస్తుంది.

వంద మైళ్ల అడవి అయిపోయే అబోల్ బ్రిడ్జి దాటి పది మైళ్లు వెళితే కటాడిన్ స్ట్రీమ్ క్యాంప్‌గ్రౌండ్. పక్కన బర్చెస్ అనే క్యాంప్‌లో 12 మందికే చోటు, అది కూడా ఆగకుండా వంద మైళ్లు నడిచి వచ్చినవాళ్లకు. మాన్సన్ నుంచి నడిస్తే సరిపోతుంది. మధ్యలో ఎక్కడో ట్రయల్ ఎక్కినవాళ్లు మామూలు సైటు ముందే బుక్ చేసుకోవాలి. పార్క్ పర్మిట్ కార్డు తప్పనిసరి.

చివరి ఎక్కుడు 5.2 మైళ్లు, నాలుగు వేల అడుగుల పైచిలుకు. పోనూ రానూ పది గంటలు. పెద్ద బ్యాగు కింద వదిలి, రేంజర్ల దగ్గర చిన్నది అడిగి తీసుకోండి, వెలుతురు రాగానే కదలండి. చెట్లు ఆగిపోయాక బండరాళ్లలో ఇనప కడ్డీలు పట్టుకుని ఎక్కే చోట కర్రలు మడిచి బ్యాగుకు కట్టేయండి. పైన చదునుకు చేరాక మబ్బు దిగినా, ఉరుము వినిపించినా వెనక్కి తిరగండి, రెండో ప్రయత్నానికి ఒక రోజు చేతిలో పెట్టుకునే రండి. దిగాక రిజిస్టర్‌లో తిరిగొచ్చినట్టు సంతకం పెట్టాలి. పెట్టకుండా మిల్లినాకెట్ బండి ఎక్కేస్తే రేంజర్లు చీకట్లో మీకోసం కొండెక్కుతారు.