లంబసింగి మంచు చూడాలంటే

విశాఖ మన్యంలోని ఈ కొండ ఊరికి డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి. వారాంతం మాత్రం వద్దు. ఘాట్ రోడ్డు మీద వాహనాల బారులే తప్ప ప్రశాంతత దొరకదు.

రైల్లో వచ్చేవాళ్లు తునిలోనో, నర్సీపట్నం రోడ్డు స్టేషన్లోనో దిగి నర్సీపట్నం చేరాలి. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. పెట్రోలు, చేతిఖర్చుకు నగదు నర్సీపట్నంలోనే చూసుకోండి. పైన సిగ్నల్ ఆడక ఫోన్ పే మొండికేస్తుంది.

లోయ నిండా మంచు పరుచుకుని మేఘాల సముద్రంలా కనిపించేది ఊళ్లో కాదు, దగ్గర్లోని చెరువులవేనం కొండ మీద. తెల్లవారకముందే పైకి చేరాలి. ఎండ ముదిరితే లోయలోని మంచు విడిపోతుంది. ముందురోజు రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉంటే మంచు బాగా పడుతుంది. మబ్బు పట్టిందంటే ఆశ తగ్గించుకోవడమే.

మంచులో హైబీమ్ వేయకండి, వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది. లోబీమ్ వేసుకుని, రోడ్డు ఎడమ అంచును చూస్తూ నెమ్మదిగా సాగాలి. బైకు మీదైతే స్వెట్టర్ ఒక్కటే చాలదు: మంచుకు ఉన్ని తడిసి ఇంకా వణికిస్తుంది. పైన రెయిన్‌కోటు తొడగండి.

దగ్గర్లోని తాజంగి జలాశయం కూడా చూడొచ్చు. మిరియాలు, కాఫీ గింజలు గిరిజనుల దగ్గరే కొనండి.