టర్కీ పిల్లను మచ్చిక చేసుకోవడం ఎలా?

టర్కీ మనిషికి మచ్చిక కాదని, అది పొగరుబోతు పక్షి అని చెప్పేవాళ్లు నెల్లూరు జిల్లాలో ఊరికి నలుగురు కనిపిస్తారు. వాళ్లు ఎలా పెంచారో అడిగి చూడండి. సంతలో ఎదిగిన పుంజును కొని, కాలికి తాడు కట్టి, దూరం నుంచి గింజలు విసిరి, వారం తిరగకముందే అది వెంట నడవాలని ఆశపడి ఉంటారు. అలా ఎన్నటికీ జరగదు. టర్కీ మనిషితో బంధం కలుపుకొనేది పుట్టిన తొలి వారంలో. ఆ వారంలో ఎవరి గొంతు విని మేత తింటుందో, ఎవరి వేలు చూసి నీళ్లు తాగుతుందో వాళ్లే దానికి తల్లి. ఆ వారం చేజారితే, ఆ తర్వాత ఎంత ముద్దు చేసినా అది మిమ్మల్ని ఓర్చుకుంటుందే గాని తనంతట తాను దగ్గరకు రాదు.

పిల్లలు, చోటు, మేత

గుడ్డు నుంచి బయటపడి ఒకటి రెండు రోజులు దాటని పిల్లలనే తీసుకోండి. ఒక్కదాన్ని మాత్రం తేవద్దు, మూడు తెచ్చుకోండి. ఒంటరి టర్కీ పిల్ల తోడు కోసం అరిచి అరిచి నీరసపడుతుంది. మన ఎండలకు నందనం టర్కీ-1 సరైన రకం. చెన్నై నందనంలోని పరిశోధన కేంద్రంలో, నల్ల నాటు రకాన్ని బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అనే విదేశీ రకంతో సంకరపరచి దాన్ని తీశారు. ఇష్టంతో పెంచుకునేవాళ్లు బ్రాడ్ బ్రెస్టెడ్ బ్రాంజ్ జోలికి వెళ్లవద్దు. మాంసం కోసం తయారైన ఆ రకంలో ఒంటి బరువంతా కాళ్ల మీద పడుతుంది, వయసు మీరేకొద్దీ నడవడమే కష్టమవుతుంది.

వెదురు తడికను గుండ్రంగా చుట్టి నిలబెట్టండి. మూలలు ఉండకూడదు. చలి వేసినా, భయపడినా పిల్లలన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చచ్చిపోతాయి. కింద వరి ఊక, మొదటి వారం దాని మీద గోనెపట్టా పరచాలి. పట్టా లేకపోతే ఊకనే మేత అనుకుని మింగుతాయి. కాగితం పరిస్తే జారి కాళ్లు విడిపోతాయి. పైన బల్బు కట్టండి. మొదటి వారం దాని కింద 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగలు బల్బు అక్కర్లేదు, తెల్లవారుజామున మాత్రం కావాలి. పిల్లలు బల్బు కింద గుంపుగా నక్కితే చలి, రెక్కలు విప్పి నోరు తెరిస్తే వేడి.

టర్కీ పిల్లల మేతలో 28 శాతం మాంసకృత్తులు ఉండాలి. కోడిపిల్లల మేతలో అంత ఉండదు. అందుకే 10 పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చొప్పున చిదిమి కలపాలి, లీటరు తాగేనీటిలో 100 మిల్లీలీటర్ల పాలు పోయాలి. 15 రోజుల దాకా ఇలాగే. పాలు కలిపిన నీళ్లు మన వేడికి త్వరగా విరిగిపోతాయి కాబట్టి కొంచెం కొంచెంగా కలిపి తరచూ మార్చండి. తీరం వైపు కొందరు రొయ్యల మేత పెడుతున్నారు. అది రొయ్యకు చేసిన మేత, టర్కీకి కాదు.

వేలితో మేత నేర్పడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. తొందర లేకుండా చదవండి.

కోడిపిల్ల గుడ్డు నుంచి బయటపడగానే తనంతట తానే నేలను పొడుస్తుంది. టర్కీ పిల్లకు ఆ చొరవ తక్కువ. పళ్లెం నిండా మేత ముందే ఉన్నా, అది మేతని తెలియక ఆకలితో చచ్చిపోయే పక్షి ఇది. పుట్టేటప్పుడు కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు దాన్ని నిలబెడుతుంది. అందుకే తెచ్చిన రోజు హుషారుగా గంతులేసిన పిల్ల నాలుగో రోజు తల వాల్చేస్తుంది. తెగులు తగిలిందని గొంతులో మందు పోస్తారు. దానికి తెగులు లేదు, అది ఇంకా ఒక్క మెతుకు తినలేదు, అంతే.

ముందు నీళ్లు. లోతులేని పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, రంగు గోళీలు నాలుగు వేయండి. మెరిసేదాన్ని పొడవడం టర్కీ పిల్ల స్వభావం, గోళీని పొడిస్తే ముక్కు తడుస్తుంది. పైగా గోళీలు ఉంటే పిల్ల నీళ్లలో పడి మునగదు. దాని రొమ్ము కింద అరచేయి ఆనించండి, కాళ్లు నేల మీదే ఉండాలి. ముక్కు కొస మాత్రమే నీటికి తగిలించండి. ముక్కు రంధ్రాలు మునిగితే నీరు లోపలికి పోతుంది, ఆ పిల్ల దక్కదు. కొస తగలగానే చేయి వదులు చేసి ఆగండి. ఒక్క క్షణం అది కదలదు. తర్వాత ముక్కు కొసన నిలిచిన బొట్టుతో సహా తల పైకెత్తుతుంది, గొంతు సన్నగా కదులుతుంది. మింగింది. మళ్లీ చేయండి. మూడోసారికి అదే వంగుతుంది.

ఆ తర్వాత మేత. చూపుడువేలి గోరుకు ఉడికిన పచ్చసొన కాస్త అద్దుకుని, పళ్లెంలోని మేతను గోటితో టకటకమని కొట్టండి, తల్లి పెట్ట ముక్కుతో చూపించే తీరు అదే. సన్నగా తరిగిన మునగాకో ఉల్లికాడో మేత మీద చల్లితే ఇంకా త్వరగా వస్తాయి, పచ్చరంగు వాటిని ఆకట్టుకుంటుంది. వేలు కొడుతున్నంతసేపూ ఒకటే పిలుపు పిలవండి. ఏ పిలుపైనా సరే, రోజుకొకటి మాత్రం మార్చకండి. మొదటి వారం ఇంట్లో ఒక్కరే ఈ పని చేయాలి. నలుగురు నాలుగు రకాలుగా పిలిస్తే అది ఎవరి పిల్లా కాకుండా పోతుంది.

టర్కీ లోకంలో గొంతుకు ఎంత విలువ ఉందో చాలామందికి తెలియదు. 1960లో ష్లైట్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక సంగతి నమోదు చేశారు. వినికిడి పోయిన టర్కీ పెట్టలు, తమ గుడ్ల నుంచి వచ్చిన సొంత పిల్లలనే శత్రువులనుకుని పొడిచి చంపాయి. కూత వినపడితేనే అది తల్లి, వినపడకపోతే బిడ్డ కూడా పరాయిదే. పిల్ల వైపు నుంచి కూడా ముందు కావలసింది మీ గొంతే. మాట్లాడకుండా మేత పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఈ బంధం గురించి ఆశలు పెట్టుకోవద్దు.

చేయి ఎప్పుడూ పక్కనుంచి, నేలకు తాకుతూ రావాలి. పైనుంచి దిగే చేయి దానికి గద్ద. ఒక్కసారి పైనుంచి పట్టుకుని ఎత్తితే, ఆ బెదురు పోవడానికి రోజులు పడుతుంది. ఫోటో కోసం పిల్లలను గుప్పిట్లో పట్టుకుని ఊపడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుప్పిట బిగిస్తే రొమ్ము కదలదు, రొమ్ము కదలకపోతే పక్షికి ఊపిరి ఆడదు. నోరు తెరిచి మేత కుక్కడం కూడా వద్దు. నిద్రపోతున్న పిల్లను లేపి తినిపించవద్దు. మేలుకుని తిరుగుతున్నప్పుడు రోజంతా కొద్దికొద్దిసేపు, మళ్లీ మళ్లీ కూర్చోవాలి.

చీకటి పడేముందు ప్రతి పిల్ల మెడ కింద తిత్తిని వేలితో తడిమి చూడండి. మెత్తగా, నిండుగా తగిలితే తిన్నట్టు. ఖాళీగా ఉన్నదాన్ని అప్పుడే పళ్లెం దగ్గరకు చేర్చండి, తెల్లారేదాకా ఆగకండి.

నాటుకోడి పెట్ట కింద టర్కీ గుడ్లు పెడితే అన్నీ అదే నేర్పుతుంది కదా అంటారు. నేర్పుతుంది, నిజమే. 28 రోజులు పొదిగించడానికి వాడుకోండి, తప్పులేదు. కానీ పిల్లలను దానికి వదిలితే అవి దాని వెంటే పోతాయి, మీ వెంట రావు. అంతకన్నా పెద్ద ప్రమాదం బ్లాక్‌హెడ్ అనే జబ్బు. కోళ్ల పేగుల్లోని నులిపురుగుల గుడ్ల ద్వారా అది నేలలోకి చేరుతుంది. కోడికి పెద్దగా హాని చేయకపోవచ్చు గాని, టర్కీ కాలేయాన్ని పాడుచేసి చంపేస్తుంది. అందుకే కోళ్లు తిరిగిన దొడ్డిలో టర్కీలను వదలవద్దు.

బయట తిప్పడం

ఈకలు పూర్తిగా వచ్చాక పిలిచి బయటకు తీసుకెళ్లండి. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో వీటిని వదిలి చూడండి, మిడతల కోసం చెట్టు చెట్టుకూ తిరుగుతూ, మీరు కనుమరుగైతే మెడ చాచి వెతుకుతాయి. మీరు నేల మీద కూర్చుంటే వచ్చి కాళ్లు ముడుచుకుని ఆనుకుంటాయి, రెక్క కింద నిమిరితే కళ్లు మూసుకుంటాయి. వానకు మాత్రం తడవనివ్వకండి. మన జిల్లాల్లో వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే కుమ్మరిస్తాయి కాబట్టి ఆ నెలల్లో చిన్న పిల్లలను తేకపోవడమే మంచిది.

కొక్కెర తెగులుకు, మశూచికి టీకాలు పశువైద్యుని అడిగి వేయించండి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. అందుకే ఎంత ముద్దొచ్చినా ముక్కుకు ముఖం ఆనించవద్దు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒకేసారి ఎక్కువ పక్షులు చనిపోతే వాటిని తాకకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి.

పుంజుకు ఏడెనిమిది నెలలు వచ్చేసరికి తీరు మారుతుంది. ఉద్రేకపడితే ముక్కు మీది కండ సాగి వేలాడుతుంది, మొహం నీలమవుతుంది, మెడ ఎర్రబడుతుంది. మనిషి చేతిలో పెరిగిన పుంజు మనిషినే పోటీ పుంజు అనుకుని మీదికి రావచ్చు. కొట్టకండి, పరుగెత్తకండి. కొడితే పోట్లాటకు సిద్ధమయ్యారనుకుంటుంది, పరుగెత్తితే గెలిచాననుకుంటుంది. నిలబడి, అలవాటైన పిలుపుతోనే, అరచేత్తో రొమ్మును మెల్లగా పక్కకు నెట్టండి. ఆ వయసులో చిన్నపిల్లలను దాని దగ్గర ఒంటరిగా వదలవద్దు. పుంజుకు తోడుగా రెండు మూడు పెట్టలు ఉంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.