పికప్‌లో పవర్ స్టీరింగ్ ఫ్యూజు పోతే

స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కి, మీటర్లో స్టీరింగ్ బొమ్మ లైటు వెలిగిందా? ముందు బండిది ఎలక్ట్రిక్ స్టీరింగో హైడ్రాలికో తేల్చుకోండి. స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఉంటే హైడ్రాలిక్. ఫ్యూజు వెతికి లాభం లేదు, ఆయిల్ మట్టం, పంపు బెల్టు చూసుకోవాలి. టాటా ఇంట్రా వి30 లాంటి ఎలక్ట్రిక్ స్టీరింగ్ బళ్లకే ఈ పద్ధతి.

లోడుతో నిలబెట్టి ఆ కొస నుంచి ఈ కొసకు పదేపదే తిప్పినా మోటారు వేడెక్కి సాయం తగ్గిస్తుంది. కాసేపు ఆపితే మామూలైతే ఫ్యూజు బాగున్నట్టే. బ్యాటరీ కూడా చూడండి: ఇంజిన్ ఆపితే దాదాపు 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి.

ఫ్యూజులు సాధారణంగా రెండు. మోటారుకు కరెంటిచ్చే పెద్దది బ్యాటరీ దగ్గరి బాక్సులో, చాలా బళ్లలో 60 నుంచి 80 ఆంపియర్లు, తరచు బోల్టుతో బిగించి ఉంటుంది. కీ తిప్పగానే కంట్రోల్ యూనిట్‌ను లేపే చిన్నది డ్యాష్‌బోర్డు కింద, 5 నుంచి 10 ఆంపియర్లు. పెద్దది బాగుందని చిన్నదాన్ని వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. బాక్సు మూత లోపలి పటంలో ఈపీఎస్ (EPS, అంటే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్) అని వెతకండి.

కంటితో చూసి నమ్మొద్దు, సన్నటి చీలిక కనపడదు. కీ ఆన్ చేసి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పు ఛాసీకి పెట్టి, చిన్న ఫ్యూజు నెత్తిన ఉండే రెండు లోహపు చుక్కలనూ ముట్టించండి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒకవైపే వెలిగితే పోయింది. అసలు వెలగకపోతే కరెంటే రావట్లేదు, లోపం ఇంకా వెనక ఉంది.

మార్చేముందు కీ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పండి. పెద్ద ఫ్యూజుల రంగు కంపెనీ రకాన్ని బట్టి మారుతుంది: ఒకదాంట్లో 60 నీలం, ఇంకోదాంట్లో పసుపు. అందుకే మీద అంకె చదివి అదే సైజు, అదే ఆంపియర్ తెచ్చుకోండి. చిలుము గీకి, బోల్టు గట్టిగా పట్టేలా బిగించండి, కానీ స్టడ్డు తెగేంత కాదు. వదులుగా ఉంటే అక్కడే కాగి ప్లాస్టిక్ కరుగుతుంది. పాత ఫ్యూజు నడుమ తెగితే ఎక్కువ కరెంటు లాగింది. ఫ్యూజు కాళ్ల దగ్గర మాడి గోధుమరంగైతే వదులు కనెక్షన్, హోల్డరూ మార్చాలి. వైరుముక్క పెట్టి డైరెక్ట్ చేస్తే ఈసారి కాలేది వైరింగే.

మైనస్ పెట్టాక లైటు పోకపోతే ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్ చక్రాన్ని రెండు కొసలకూ ఒకసారి తిప్పి, కొద్దిదూరం నడపండి. కొన్ని బళ్లకు స్కానర్‌తో సెట్ చేయించాలి.

కొత్తదీ వెంటనే పోతే ఇంకోటి పెట్టకండి. పెద్ద ఫ్యూజు స్థానంలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపి, కీ ఆపి ఉంచండి. క్షణం మెరిసి ఆరితే సరే. నిండుగా వెలుగుతూ ఉంటే షార్టు. మైనస్ తీసి స్టీరింగ్ యూనిట్ కనెక్టర్ పీకి, మైనస్ మళ్లీ పెట్టి చూడండి. ఆరిపోతే లోపం యూనిట్లో. అప్పటికీ వెలుగుతుంటే వైరు ఎక్కడో రాసుకుంటోంది. క్లిప్పు ఊడినచోట, రేకు అంచుల దగ్గర ముందు వెతకండి.