పన్నెండు రోజుల ఉత్తరాలు పదికాలాలు ఉండాలంటే

మీ బీరువాలో చీరల అడుగునో, అటక మీద ట్రంకు పెట్టెలోనో పాత ఉత్తరాలు నాలుగు ఉంటే ఇది మీ కోసమే రాస్తున్నాను. పెళ్లి ఫొటోలకు ఆల్బమ్ ఉంటుంది, పొలం కాగితాలకు ఫైలు ఉంటుంది. పెళ్లి దాకా రాని ప్రేమ తాలూకు కాగితాలకు మాత్రం ఇంట్లో ఒక చోటంటూ ఉండదు. వాటిని దాస్తాం. దాచడం వేరు, భద్రం చేయడం వేరు. నేను గ్రంథాలయంలో చేరి ముప్పై ఏళ్లు కావస్తోంది. పాత కాగితాన్ని ఎలా చూసుకోవాలో అక్కడే నేర్చుకున్నాను. కానీ నేర్చుకునేలోపే నా ఏడు ఉత్తరాల్లో ఒకటి నీళ్లపాలైంది.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే కింద చెప్పేవి అర్థం కావు. 1991 గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో నాది డిగ్రీ చివరి సంవత్సరం. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లుగా మమ్మల్ని రేవుల్లో డ్యూటీలకు వేశారు. నాకు కోటిలింగాల రేవు దగ్గర, తప్పిపోయినవాళ్ల గురించి మైకులో చెప్పే పందిట్లో పడింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన బ్యాచ్‌లో ఒకతను చీటీలు రాసేవాడు, నేను చదివేదాన్ని. మిగతావాళ్ల చీటీల్లో పేరు, ఊరు ఉండేవి. అతని చీటీలో మనిషి ఉండేది. ‘తెల్ల చీర, పచ్చ అంచు, ఎడమ చెవికి కమ్మ లేదు, చేతిలో ఇత్తడి చెంబు, కొడుకు పేరు తప్ప ఇంకేం చెప్పడం లేదు’ అని రాసి ఇచ్చాడు ఒకసారి. నేను చదివిన పది నిమిషాలకే కొడుకు పరుగెత్తుకొచ్చాడు. అతనిది బరువు చెయ్యి. చీటీ వెనక తడిమితే అక్షరాలు వేళ్లకు తగిలేవి. ఆ చేతిరాతను ఇష్టపడుతున్నానో, ఆ మనిషినో నాలుగో రోజుకి నాకే తెలియలేదు. తొమ్మిదో రోజుకి తెలిసింది. పన్నెండో రోజు రాత్రి రైలెక్కించాను. ఆ తర్వాత ఏడు ఉత్తరాలు వచ్చాయి, చివరిది డిసెంబరులో. మా ఇంట్లో ఒప్పుకోలేదు, వాళ్లింట్లో ముగ్గురు చెల్లెళ్లు. అంతే జరిగింది. మళ్లీ చూసుకోలేదు.

ఇక పనిలోకి వద్దాం.

పెట్టె తెరవకండి. ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని, మీకు ఏం గుర్తుందో అది రాయండి. ఉత్తరాలు చూడకుండా రాయాలి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. జ్ఞాపకం బీరువాలో చీరలా మడత పెట్టినట్టు ఉండదు. తలుచుకున్న ప్రతిసారీ కొంచెం మారుతుంది, మారినట్టు మనకు తెలియదు. ఉత్తరం చదివాక రాస్తే ఉత్తరంలో ఉన్నదే రాస్తాం, మన మనసులో ఇన్నేళ్లూ ఉన్నది పోతుంది. మాటలు, బట్టలు, వాసనలు, వాన పడిందా లేదా, ఎవరు ముందు మాట్లాడారు, ‘మీరు’ అన్నారా ‘నువ్వు’ అన్నారా, అన్నీ రాయండి. తప్పేమో అని కొట్టేయకండి. తర్వాత ఉత్తరం చదివినప్పుడు తేడా కనిపిస్తే పక్క పేజీలో వేరే రంగు పెన్నుతో ఉత్తరంలో ఏముందో రాయండి. మొదటిది దిద్దకండి. రెండూ మీవే.

నేను అలా రాసిన పేజీలో రైలెక్కించిన రాత్రి జోరున వాన అని ఉంది. అతని మొదటి ఉత్తరంలో, ‘మీరు ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు వెనక వెన్నెల్లో బ్రిడ్జి కనపడింది’ అని ఉంది. పాతికేళ్లు నేను తడిసిన రాత్రి, తడవనే లేదు. ఆ రోజు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పుడు పెట్టె తెరవండి. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. క్రీము, నూనె ఉండకూడదు. గ్లౌజులు అక్కర్లేదు, వాటితో పాత మడత ఎక్కడ చిరుగుతోందో చేతికి తెలియదు. కట్టకు రబ్బరు బ్యాండు ఉంటే లాగకుండా కత్తిరించండి. పాతబడితే అది కరిగి కాగితానికి జిగురులా అంటుకుంటుంది. గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, స్టేపుల్ పిన్నులు తీసేయండి. తుప్పు మరక పడితే పోదు, తుప్పు పట్టిన చోట కాగితం కూడా తినేస్తుంది. ఇన్‌లాండ్ లెటర్లు మూడు మడతలుగా ఉంటాయి కదా, ఆ మడత మీదే చిరుగుతాయి. ఒక్కొక్కటీ మెల్లగా విప్పి, రెండు అద్దుడు కాగితాల (బ్లాటింగ్ పేపర్) మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచండి. రెండు మూడు రోజుల్లో సాపవుతుంది. ఇస్త్రీ చేయొద్దు. సాపయ్యాక మళ్లీ మడవొద్దు, పరిచిన కాగితంగానే ఉంచండి.

చిరిగిన చోట సెల్లోటేపు వేయాలనిపిస్తుంది. దయచేసి వేయకండి. కొన్నేళ్లకు అది పసుపురంగుకి తిరిగి, ఊడిపోయి, జిగురును కాగితంలోనే వదిలేస్తుంది. లామినేషన్ ఇంకా ఘోరం. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేం. ‘లామినేషన్ చేయించేశాను మేడం, ఇక భయం లేదు’ అని ఎవరైనా గ్రంథాలయానికి కాగితం తెస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఉత్తరాలతో పాటు పువ్వులుంటే విడిగా తీసి పెట్టండి. తొమ్మిదో రోజు రేవు మెట్ల మీద అతను కొనిచ్చిన మొగలిరేకును నేను మూడో ఉత్తరంలో పెట్టుకున్నాను. మన అమ్మమ్మలు చీరల మధ్య పెట్టేవాళ్లు కదా, ఉత్తరానికీ మంచిదేననుకున్నాను. కానీ ఎండిన పువ్వులో, ఆకులో ఉండే ఆమ్లం కాగితంలోకి దిగుతుంది. ఆ ఉత్తరం మధ్యలో ఇప్పుడు జానెడు పొడుగున, కత్తిలా కొన తేలిన గోధుమరంగు నీడ ఉంది. అంచున ముళ్ల గుర్తులు కూడా సన్నగా పడ్డాయి. రేకు ఎప్పుడో పొడైపోయింది. పువ్వును బటర్ పేపర్‌లో చుట్టి వేరే కవరులో పెట్టి, ఏ ఉత్తరంతో దొరికిందో కవరు మీద పెన్సిల్‌తో రాయండి.

దేనిలో పెట్టాలి? పాలిథిన్ కవరులో వద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు. ఒక్కో ఉత్తరానికి మధ్య ఆమ్లం లేని కాగితం పెడితే మంచిది, ‘యాసిడ్ ఫ్రీ’ అని అడగండి. మొత్తాన్ని తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి. కొత్త గుడ్డ అయితే రెండు మూడుసార్లు ఉతకండి, గంజి మాత్రం పెట్టకండి. పుస్తకాల్లో వెండిరంగులో చురుగ్గా పాకే పురుగు ఉంటుంది చూశారా, దానికి గంజి అంటే ప్రాణం. గుడ్డ కట్టను గట్టి అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను బీరువా మధ్య అరలో ఉంచండి. అటక మీద వేడి, నేల మీద చెమ్మా చెదలూ, బయటి గోడను ఆనుకుంటే వానాకాలం ఊట. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వొద్దు, ఆ ఘాటు మన ఒంటికీ మంచిది కాదు. నేను బాగా ఎండిన వేపాకు, వస కొమ్ము చిన్న గుడ్డ మూటలో కట్టి పెట్టె మూలన ఉంచుతాను. ఆకులో తడి మిగిలితే మేలు కన్నా కీడే ఎక్కువ. మా కోనసీమలో శ్రావణం వస్తే ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది. అలాంటి ఊళ్లవాళ్లు సిలికా జెల్ పొట్లాలు రెండు పడేసి, మూడు నెలలకోసారి మార్చండి. సంక్రాంతి వెళ్లాక పొడి గాలి ఉన్న రోజు చూసి, ఏడాదికోసారి నీడలో తెరిచి చూసుకోండి. ఎండలో మాత్రం పెట్టొద్దు.

ఇక తడిసిన ఉత్తరం గురించి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు మేం అమలాపురం దగ్గర పెంకుటింట్లో ఉన్నాం. గ్రంథాలయంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కొబ్బరి చెట్టు పడి పైకప్పు సగం పోయింది. బీరువా లేదు, ట్రంకు పెట్టె, దానిలోకి నీళ్లు. తెల్లారాక మా ఆయనే పెట్టె తెరిచారు. ఆయనకు ఆ ఉత్తరాల సంగతి తెలుసు, పెళ్లైన రెండో ఏడే నేను చెప్పాను. ఏమీ మాట్లాడకుండా ఒక్కొక్కటీ తీసి నా చేతికి ఇచ్చారు. నేను చేసిన తప్పు, వాటిని ఎండలో పెంకుల మీద పరచడం. కాగితం అప్పడంలా వంకర్లు పోయింది, సిరా ఇంకా పాకింది. మీకు అలా జరిగితే నీడలో, ఫ్యాను కింద, అద్దుడు కాగితం మార్చుకుంటూ ఆరబెట్టండి. ఒకదానికొకటి అంటుకుపోతే బలవంతాన విడదీయకండి. కవరులో పెట్టి ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పట్టకుండా కొంత వ్యవధి దొరుకుతుంది. ఈలోపు పాత తాళపత్రాలు, రాతప్రతులు భద్రపరిచే ఏదైనా ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలిసినవాళ్లను అడగొచ్చు. బాల్‌పెన్ను రాత నీళ్లకు సాధారణంగా నిలుస్తుంది, బ్లూ బ్లాక్ సిరా కొంత నిలుస్తుంది. రాయల్ బ్లూ నిలవదు. నా ఆరు ఉత్తరాలు బ్లూ బ్లాక్. ఏడోది, చివరిది, రాయల్ బ్లూ. నీలం కాగితం మీద నీలం మచ్చ మిగిలింది.

అందుకే ఫొటోలు ఈవేళే తీయండి. కిటికీ దగ్గర, ఎండ సూటిగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్ కాగితానికి సరిగ్గా పైన పట్టుకుని తీయాలి. స్కానర్ ఉంటే అందులో స్పష్టతను చెప్పే డీపీఐ అంకె ఉత్తరానికి 300, చిన్న ఫొటోకు 600 పెడితే చాలు. పోస్టు ముద్ర ఉన్న వైపు కూడా తీయండి, తేదీ తెలిసేది దానివల్లే. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే చోట. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. కుర్రవాళ్లకు ఒక మాట. మీ ప్రేమ అంతా చాట్‌లోనే ఉంటే ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి దాచుకోండి. గొంతు వినిపించే వాయిస్ మెసేజ్‌లు విడిగా తీసి పెట్టుకోండి. బస్సు టికెట్లు, సినిమా టికెట్లు నున్నటి కాగితం మీద వేడితో అచ్చేసినవైతే ఒకటి రెండేళ్లలో తెల్లబడిపోతాయి. నా దగ్గరి ప్లాట్‌ఫారం టికెట్ అట్టది కాబట్టి ఇప్పటికీ అలాగే ఉంది.

ఫొటో తీశాం కదా అని ఫేస్‌బుక్‌లో పెట్టకండి. కాగితం మీది, కానీ అందులోని రాత మీద హక్కు రాసినవాళ్లది. మన దేశ చట్టం ప్రకారం వాళ్ల జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. చట్టం అటుంచితే, అవతల వాళ్లకూ ఒక ఇల్లుంది, పిల్లలున్నారు. మన తర్వాత ఎవరు తెరవాలో, చదవొచ్చో వద్దో, పెట్టె పైన ఒక కాగితం మీద రాసి పెట్టండి. నా పెట్టె మా అమ్మాయికి. ‘చదువు, కానీ వాళ్లను వెతకొద్దు’ అని రాశాను.

చివరిగా, సిరా పోయిన ఉత్తరాన్ని పారేయకండి. దీపాలన్నీ ఆర్పేసి, కాగితాన్ని బల్ల మీద సాపుగా పరిచి, టార్చిని బల్లకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. పైనుంచి కాదు, పక్కనుంచే. కలం గట్టిగా నొక్కి రాసిన చేయి అయితే సిరా పోయినా పాళీ చేసిన గాడి ఉంటుంది. వెలుగు అడ్డంగా పడితే ఆ గాళ్లకు నీడ వస్తుంది. నాలుగు వైపుల నుంచీ మార్చి మార్చి వేసి, ప్రతిసారీ ఫొటో తీయండి. ఒక వైపు కనపడనిది ఇంకో వైపు కనపడుతుంది.

నా నోట్‌బుక్‌లో ఏడో ఉత్తరం గురించి ఒక్క వాక్యమే ఉంది: ‘మళ్లీ మీరు అన్నాడు.’ మొదటి రెండు ఉత్తరాల్లో మీరు, మూడో దాంట్లో నువ్వు, చివరిదాంట్లో మళ్లీ మీరు. అలా పరాయిదాన్ని చేసి వెళ్లాడని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. పోయిన మాఘంలో ఒక రాత్రి పెట్టె తెరిచినప్పుడు మా ఆయన టార్చి పట్టుకున్నారు. మోకాళ్లు నొప్పైనా బల్ల పక్కన కింద కూర్చుని, నేను చెప్పినట్టు అటూ ఇటూ జరిపారు. చాలాసేపు నీలం మచ్చే. ఎడమ వైపు నుంచి వేసినప్పుడు మూడో వరుసలో గాళ్లు లేచాయి. సగం మాట, ఒక ఖాళీ, తర్వాత స్పష్టంగా ‘నువ్వు’. కింద ఇంకో చోట ‘నీ’. ‘మీరు’ ఎక్కడా లేదు.

ఏం కనిపించిందని మా ఆయన అడిగారు. చెప్పాను. ఇంకో వైపు నుంచి కూడా వేసి చూద్దామని ఆయన టార్చి మార్చి పట్టుకున్నారు.